కొరియన్ గడ్డి లాన్‌లో మూడు రకాల కలుపు: ఏది ఏమిటో గుర్తించి తొలగించడం ఎలా?

పెరటిపచ్చ, పెనమలూరు:

అందరికీ నమస్కారం. రెండేళ్ల కిందట మా ఇంటి ముందు సుమారు 80 చదరపు గజాల స్థలంలో కొరియన్ కార్పెట్ గడ్డి వేయించాము. మొదటి ఏడాది అది పాదం మెత్తగా దిగబడేటంత ఒత్తుగా పెరిగింది. నిరుడు వేసవి చివర నాలుగు బస్తాల పశువుల ఎరువును ఎర్రమట్టితో కలిపి లాన్ పైన చల్లించాము. తొలకరి వానలు పడిన పదిహేను రోజులకే కలుపు లేచింది, ఇప్పుడు సగానికి సగం ఆక్రమించింది.

నాకు మూడు రకాలు కనిపిస్తున్నాయి. ఒకటి ముదురాకుపచ్చ రంగులో నిగనిగలాడుతూ, కత్తిరించిన మూడో రోజుకే మిగతా గడ్డి కంటే బెత్తెడు ఎత్తు పైకి వస్తుంది. పీకితే సులువుగా తెగి వస్తుంది కానీ వారం తిరగకుండా అదే చోట మళ్లీ మొలుస్తుంది. రెండోది బండి చక్రంలా నేలకు అణిగి నలువైపులా పరుచుకుంటుంది, దాని మొదలు తెల్లగా ఉంటుంది, రెండు చేతులతో లాగినా ఊడి రాదు. మూడోది కణుపు కణుపుకూ వేళ్లు దించుకుంటూ మా గడ్డిలోనే అల్లుకుపోయింది. అది వినాయక చవితికి కోసుకొచ్చే గరికలాగే ఉంది, అయితే గరిక కూడా లాన్‌కు కలుపే అవుతుందా అన్నది నా సందేహం.

ఒక పురుగుమందుల దుకాణంలో అడిగితే 2,4-డి అనే కలుపు మందు ఇచ్చారు. అది కొట్టాక మొదటి రకం కాస్త పసుపు రంగుకు తిరిగి మళ్లీ కోలుకుంది, మిగతా రెండూ చెక్కుచెదరలేదు, పక్క మడిలోని టమాటా మొక్కల ఆకులు మాత్రం ముడుచుకుపోయి మెలికలు తిరిగాయి. మా అమ్మగారికి 74 ఏళ్లు. ఆవిడ రోజూ ఉదయం పీట వేసుకుని కూర్చుని చేత్తో కలుపు పీకుతున్నారు. ఆ శ్రమకు ఫలితం కనబడకపోవడం నన్ను ఎక్కువగా బాధిస్తోంది. అనుభవజ్ఞులు దయచేసి దారి చూపగలరు.

మాగాణి, తెనాలి:

పెరటిపచ్చ గారూ, నేను వ్యవసాయ శాఖలో చాలా ఏళ్లు పనిచేసి పదవీ విరమణ చేసినవాణ్ణి. మీరు వర్ణించిన మూడూ మూడు వేర్వేరు స్వభావాల మొక్కలు, వాటన్నిటికీ పనికొచ్చే ఒకే మందు అంటూ లేదు. కనుక మందు కొనడానికి ముందు ఒక్కొక్క దాన్ని మొదలంటా తవ్వి చేతిలోకి తీసుకుని చూడండి.

మొదటిది తుంగ అనుకుంటున్నాను. దాని కాడను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి దొర్లించండి. గడ్డి కాడ గుండ్రంగానో చదునుగానో తగులుతుంది. తుంగ కాడ మాత్రం మూడు అంచులతో వేళ్ల మధ్య తట్టుకుంటూ తిరుగుతుంది, బ్లేడుతో కోసి చూస్తే లోపల బోలుగా కాక నిండుగా ఉంటుంది. ఆకులు కూడా మూడు వరుసలలోనే వస్తాయి. తర్వాత ఒక మొక్క చుట్టూ జానెడు లోతున గునపంతో మట్టిని పెళ్లగించి చూడండి; సన్నని తీగకు గుచ్చినట్టుగా నల్లని పీచుతో కూడిన చిన్న చిన్న గడ్డలు వరుసగా కనిపిస్తాయి, ఒకదాన్ని గోటితో గిల్లితే ఒక విధమైన సువాసన వస్తుంది. ఆయుర్వేద దుకాణాలలో అమ్మే తుంగముస్తలు ఇవే.

పీకితే తిరిగి రావడానికి కారణం ఆ గొలుసులోనే ఉంది. గొలుసు అతుక్కుని ఉన్నంతకాలం కొన్ని గడ్డలు నిద్రాణంగా ఉంటాయి. మీరు పైమొక్కను లాగినప్పుడు గొలుసు తెగుతుంది, అప్పటిదాకా నిద్రపోయిన గడ్డలు విడివిడిగా మొలకెత్తుతాయి. అలాగని మీ అమ్మగారి శ్రమ వృథా అని నేను ఒప్పుకోను. ప్రతి పది పన్నెండు రోజులకు ఒకసారి, మొలక కొత్త గడ్డలు కట్టడానికి ముందే తప్పకుండా తీస్తూ పోతే గడ్డలో దాచుకున్న ఆహారం తరిగిపోయి తుంగ క్రమంగా బలహీనపడుతుంది. వాన పడిన మర్నాడు, నేల మెత్తగా ఉన్నప్పుడు, గునపం మొనతో గడ్డతో సహా లేపితే ఇంకా మంచిది. తీసిన గడ్డలను కంపోస్టు గుంతలో వేయకండి, సిమెంటు గచ్చు మీద ఎండలో పరిచి పూర్తిగా ఎండిపోనివ్వండి.

మందే వాడదలచుకుంటే, తుంగకు హాలోసల్ఫ్యూరాన్ మిథైల్ 75 శాతం గుళికల మందు సరైనది. చెరకు, మొక్కజొన్న రైతులు దీన్ని ఎకరానికి 36 గ్రాముల చొప్పున వాడతారు. ఎకరమంటే 4,840 చదరపు గజాలు కాబట్టి మీ 80 గజాలకు కావలసింది సుమారు 0.6 గ్రాము మాత్రమే. వంటింటి త్రాసు ఆ తూకాన్ని చూపలేదు. బంగారం తూచే చిన్న డిజిటల్ త్రాసు కావాలి. ఆ మందును మూడున్నర లీటర్ల నీటిలో కలిపి, ఆకుకు అంటుకునేందుకు కొద్దిగా స్టిక్కరు చేర్చి, తుంగ మూడు నుంచి ఐదు ఆకుల దశలో ఉన్నప్పుడు పిచికారీ చేయాలి. పిచికారీకి రెండు రోజుల ముందూ రెండు రోజుల తర్వాతా లాన్ కత్తిరించకూడదు. ఫలితం కనబడటానికి రెండు మూడు వారాలు పడుతుంది, తొందరపడి మోతాదు పెంచవద్దు. మందు డబ్బా మీద మన దేశంలో పంటల పేర్లే ఉంటాయి, లాన్ గురించి ఉండదు. అందువల్ల ముందు ఒక గజం జాగాలో కొట్టి పది రోజులు చూసి తర్వాతే మిగతా భాగానికి వెళ్లండి.

రెండోది చోడి (రాగి) మొక్కకు దగ్గరి చుట్టమైన ఎల్యుసైన్ ఇండికా అనే గడ్డి. వెన్ను వేస్తే చేతివేళ్లలా చీలి ఉంటుంది. ఆ చీలికలు పొట్టిగా, లావుగా, కొనలు మొనదేలి నక్షత్రంలా పరుచుకుంటే మాత్రం అది నక్షత్ర గడ్డి. రెండూ ఒక్క ఏడాది బతికే మొక్కలే, ప్రధానంగా గింజతో వ్యాపిస్తాయి. కాబట్టి వెన్ను వేయకముందే తొలగించడం ప్రధానం. తడి నేలలో చిన్న బొరిగెతో మొదలు కింద కోసి లేపండి. అది ఎక్కువగా నడక దారి పక్కనే ఉంటే, అక్కడ నేల గట్టిపడిందని అర్థం. ముళ్ల పారతో గుచ్చి నేలను గుల్ల చేయండి.

కడియం నర్సరీ, తూర్పు గోదావరి:

మాగాణి గారు చెప్పినవాటితో నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను. మూడోదాని గురించి మాత్రం వివరంగా రాస్తాను, ఎందుకంటే మా దగ్గర లాన్ కొన్నవారు రెండేళ్ల తర్వాత ఎక్కువగా చెప్పుకునే బాధ ఇదే.

అవునండీ, మీ లాన్‌లో గరిక కలుపే. కొరియన్ గడ్డి ఆకు సూదిలా సన్నగా ముడుచుకుని ఉంటుంది. గరిక ఆకు చదునుగా, కాస్త బూడిదరంగు కలిసిన పచ్చగా ఉంటుంది. ఆకును కాడ నుంచి మెల్లగా వెనక్కి వంచి, అవి కలిసే చోట భూతద్దంతో చూస్తే గరికకు పొట్టి తెల్లని వెంట్రుకల వరుస కనబడుతుంది. పూత దశలో అయితే అసలు సందేహమే ఉండదు: కొరియన్ గడ్డికి ఒకే చిన్న వెన్ను వస్తుంది, గరికకు కొననుంచి మూడు నుంచి ఆరు సన్నని చీలికలు చేతివేళ్లలా విచ్చుకుంటాయి.

దీనికి నేలపైన పాకే తీగ ఒకటి, నేల కింద పాకే కాండం మరొకటి. ఒక్క కణుపు ముక్క మిగిలినా మళ్లీ అల్లుకుంటుంది. కొరియన్ గడ్డికి హాని లేకుండా గరికను మాత్రమే చంపే మందు మన దుకాణాల్లో దొరుకుతుందని నేను ఎవరికీ చెప్పను. ఆక్రమించిన ప్రతి గుంపు చుట్టూ ఒక జానెడు అదనంగా కలుపుకుని మొత్తం జానెడు లోతు మట్టితో సహా తవ్వి పారవేయడమే నేను నమ్మే పద్ధతి. ఖాళీ అయిన చోట వెంటనే గడ్డి వేయకుండా నెల రోజులు నీళ్లు పెట్టి, మొలిచినదంతా తీసి, ఆ తర్వాతే కొత్త గడ్డి పలకలు పరవండి.

లాన్‌లో సగానికి పైగా గరికే ఉంటే ఏప్రిల్ వరకు ఆగడం మేలు. అప్పుడు పైగడ్డి అంతా తీసి, నేల తడిపి, 25 మైక్రాన్ల మందం గల పారదర్శకమైన పాలిథీన్ పట్టాను అంచులు మట్టితో మూసి, ఐదారు వారాలు ఎండలో ఉంచండి. నల్ల పట్టా వాడవద్దు. తుంగ మొలక మొన నల్ల పట్టాను చీల్చుకుని పైకి రావడం నేను చాలాసార్లు చూశాను. పారదర్శక పట్టా కింద వెలుతురు తగలగానే ఆకు విచ్చుకుంటుంది, ఆ వేడికి అక్కడే మాడిపోతుంది.

మరొక్క మాట. మాగని పశువుల ఎరువును లాన్ మీద ఎప్పుడూ చల్లవద్దు. గింజలు పశువు కడుపు దాటుకుని కూడా బతికి ఎరువులోకి చేరతాయి. తుంగ గడ్డలు సాధారణంగా మట్టితో వస్తాయి. బాగా చివికిన ఎరువును, జల్లెడ పట్టిన మట్టిని మాత్రమే వాడండి.

మిడతంభొట్లపల్లె, డాలస్:

మా ఇంటి ముందు గరికే లాన్. ఇక్కడ దాన్ని బెర్ముడా గడ్డి అని కావాలనే పెంచుతారు. తుంగ మాత్రం ఇక్కడా శత్రువే. గింజతో వచ్చే గడ్డికి మేము వసంతం తొలి రోజుల్లో, నేల ఉష్ణోగ్రత 13 డిగ్రీల సెల్సియస్ చేరకముందే మొలక నిరోధక మందు వేస్తాము. మన ఊళ్లలో శీతాకాలం అంత చల్లగా ఉండదు కాబట్టి తొలకరి వానకు ముందు రోజులే మీకు ఆ సమయం. పెండిమిథాలిన్ అందుకు సరిపోతుంది, కానీ అది అప్పటికే మొలిచినదాన్నీ తుంగ గడ్డలనూ ఏమీ చేయదు. కొత్తగా పరిచిన పలకలు వేరు పట్టేవరకు వాటి మీద అసలు వాడకూడదు.

పెరటిపచ్చ, పెనమలూరు:

మీ అందరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. ఈ ఉదయం అమ్మగారితో కలిసి ఒక మొక్కను తవ్వి చూశాను. ఒకే తీగకు ఐదు నల్లని గడ్డలు వచ్చాయి. ఆవిడ ఒకదాన్ని వాసన చూసి "ఇది తుంగముస్తే" అన్నారు. గరిక మూడు చోట్ల గుంపులుగా ఉంది, మొత్తం పది గజాలకు మించదు, కనుక తవ్వే పద్ధతినే ఎంచుకున్నాము. తుంగ మీద మందు కొట్టిన తర్వాత మా మనవరాలు లాన్‌లో ఎప్పటి నుంచి ఆడుకోవచ్చు? 2,4-డి వాడిన పాత స్ప్రేయరునే దీనికి వాడవచ్చా?

మాగాణి, తెనాలి:

పిచికారీ పూర్తిగా ఆరే వరకు ఎవరినీ లాన్‌లోకి అనుమతించకూడదు. మందు డబ్బాతో వచ్చే కాగితంలో చెప్పిన వ్యవధిని పాటించండి, నా మటుకు నేనైతే పాపను మర్నాడు లాన్ తడిపి ఆరాకే దింపుతాను. కనీసం నాలుగైదు గంటలు వాన రాదని ఆకాశం చూసుకుని, గాలి లేని ఉదయం పూట కొట్టండి. పాత స్ప్రేయరును బాగా కడిగి ఈ కలుపు మందుకు వాడవచ్చు, కూరగాయల మడికి మాత్రం వద్దు. 2,4-డి అవశేషం గొట్టంలోనూ వాషర్లలోనూ నిలిచిపోతుంది, ఎంత కడిగినా టమాటాలకు అపాయమే. దాన్ని కలుపు మందులకే కేటాయించి పైన పేరు రాసి వేరుగా పెట్టి, కూరగాయల మడికి కొత్తది కొనుక్కోండి.