తెల్లవారుజామున జీరో మీద నిలవని కాటా: చెరువు గట్టుకి ఐపీ65 చాలదా?

గట్టుమీద_తూకం (ఆకివీడు వైపు):

రొయ్యల పట్టుబడికి వాడే 100 కేజీల ప్లాట్‌ఫాం కాటా. పాయింటు (కాటా చూపే కనీస మెట్టు) 10 గ్రాములు. లోపల ఒక్కటే అల్యూమినియం లోడ్‌సెల్ (బరువుని కరెంటు సంకేతంగా మార్చే దిమ్మ), దాని మీద 200 కేజీలని ఉంది. ఇండికేటర్ (అంకెలు చూపించేది) ప్లాస్టిక్ డబ్బా, 6 వోల్టుల బ్యాటరీ లోపలే. బిల్లు మీద ‘ఐపీ65, వాటర్‌ప్రూఫ్’ అని రాసిచ్చారు (ఐపీ అంటే దుమ్ము, నీళ్ళు లోపలికి రాకుండా ఎంత ఆపుతుందో చెప్పే అంకె). కొని ఎనిమిది నెలలు.

తెల్లవారుజామున 4 నుంచి 6 మధ్య ఖాళీ కాటా జీరో దగ్గర ఆగదు. 0.02, 0.05, 0.09 అని పైకి పాకుతుంది, జీరో కొడితే మళ్ళీ మొదలు. ఎండెక్కి 11 అయ్యేసరికి 20 కేజీల రాయి పెడితే సరిగ్గా 20.00 చూపిస్తుంది. సర్వీసు వాళ్ళు మధ్యాహ్నం చూసి ‘బానే ఉందండి’ అని పంపేస్తున్నారు. ట్రేకి 80 గ్రాములు తేడా అంటే వంద ట్రేలకి 8 కేజీలు.

తడి ఎక్కడుందో ఎలా పట్టుకోవాలి? కొత్తది కొంటే ఐపీ67 తీసుకోవాలా, 68 తీసుకోవాలా?

లోడ్‌సెల్_మరమ్మతు (తణుకు):

పొద్దున పాకి మధ్యాహ్నం కుదురుకుంటోందంటే లోపల నీళ్ళు కాదండి, ఉప్పు ఉంది. చెరువు నీళ్ళు ఎప్పుడో దూరి ఆరిపోయాయి, ఉప్పు మిగిలింది. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు తనంతట తనే చెమర్చి కరుగుతుంది, వానాకాలంలో వంటింటి ఉప్పు జాడీలో జరిగేది అదే. ఎండెక్కితే మళ్ళీ ఆరిపోతుంది. మధ్యాహ్నం చూసినవాళ్ళకి తప్పు దొరకదు.

ఎంత చిన్న తడి ఎంత తూకం మారుస్తుందో లెక్క చూడండి. సెల్‌కి 5 వోల్టులు ఇస్తే, 2 మిల్లీవోల్ట్ పర్ వోల్ట్ (ఇచ్చిన ప్రతి వోల్టుకి 2 మిల్లీవోల్టులు తిరిగిచ్చే) సెల్ పూర్తి 200 కేజీలకి ఇచ్చేది 10 మిల్లీవోల్టులు. మీ 100 కేజీలకి 5. దాన్ని పదివేల పాయింట్లుగా కోస్తున్నారు కాబట్టి 10 గ్రాములంటే అర మైక్రోవోల్టు. 350 ఓమ్‌ల బ్రిడ్జిలో (సెల్‌కి అంటించిన, బరువుకి సాగే నాలుగు గేజిల వలయం) ఒక గేజికి అడ్డంగా 100 మెగా ఓమ్‌ల తడి దారి పడితే 4.4 మైక్రోవోల్టులు కదులుతుంది. అంటే సుమారు 87 గ్రాములు. మామూలు మల్టీమీటర్‌కి 100 మెగా ఓమ్‌లు కనపడనే కనపడవు, ‘ఓపెన్’ అంటుంది.

ఎటువైపు తడో తేల్చడానికి మీటర్ అక్కర్లేని పద్ధతి ఒకటి ఉంది. మూసిన గదిలో కాటా ఆన్ చేసి, ప్లాట్‌ఫాం చుట్టూ మాత్రమే తడి గోనెపట్టా కప్పండి. పట్టా పైపళ్లేనికి తగలకూడదు, కర్రల మీద గుడారంలా నిలపండి. ఇండికేటర్‌ని బయట పొడిగా పెట్టండి. రెండు గంటలు చూడండి. జీరో పాకితే తప్పు సెల్‌ది గానీ, ప్లాట్‌ఫాంలోని కేబుల్‌ది గానీ. పాకకపోతే పట్టా తీసి ఇండికేటర్ మీద కప్పండి. చాలా ఇండికేటర్లలో జీరో ట్రాకింగ్ (ఖాళీ కాటాని తనే జీరోకి లాగే ఏర్పాటు) సెకనుకి అర పాయింటు మేర నెమ్మది పాకుడుని తనే మింగేస్తుంది. అందుకని ఖాళీ పళ్లెం కాకుండా 5 కేజీల రాయి పెట్టి చూడండి.

నిర్ధారణకి, సెల్ వైర్లు నాలుగూ ఇండికేటర్ నుంచి విప్పి ఒకచోట కలిపి, వాటికీ సెల్ బాడీకీ మధ్య 50 వోల్టుల మెగ్గర్ (ఇన్సులేషన్ కొలిచే మీటరు) పెట్టాలి. మంచి సెల్ 5000 మెగా ఓమ్‌లు దాటాలి. ఎలక్ట్రీషియన్ల దగ్గరుండే 500 వోల్టుల మెగ్గర్ పెట్టొద్దండి. గేజి కింద పొర చిట్లితే ఇంక ఆ సెల్ పనికిరాదు.

ఐసుషెడ్ (భీమవరం):

పైన చెప్పింది కరెక్టే. ఆ ఉప్పు నీళ్ళు లోపలికి ఎలా వెళ్ళాయన్నది నేను చెప్తాను. ఐపీ అంకె చదివేటప్పుడు అందరూ పొరపడేది అక్కడే.

ఐపీ65 పరీక్షలో 6.3 మిల్లీమీటర్ల నాజిల్‌తో నిమిషానికి 12.5 లీటర్ల మంచినీళ్ళు కొడతారు. ఐపీ67లో మీటరు లోతున అరగంట ముంచుతారు. రెండూ కొత్త డబ్బాకే, మామూలు నీళ్ళతోనే. ఉప్పు, బ్లీచింగు, ఐసు వాటిలో లేవు. ఇంకోటి, 67 ఉన్నది 65 కంటే అన్నిట్లో మెరుగనుకోవద్దు. ముంచితే తట్టుకునేది పైపు ధారకి తట్టుకోవాలని లేదు. రెండూ కావాలంటే ఐపీ65/67 అని రెండు అంకెలూ రాసి ఉండాలి.

ఇక అసలు సంగతి ఎండ తర్వాత ఐసు. గట్టు మీద ఎండలో డబ్బా లోపలి గాలి 50 డిగ్రీలకి వేడెక్కుతుంది. మీద ఐసు నీళ్ళు పడి 15కి దిగితే లోపలి ఒత్తిడి దాదాపు 11 శాతం పడిపోతుంది. అది మీటరుకి పైగా నీటి మట్టంతో సమానం. కాటాని ఎవరూ నీళ్ళలో ముంచకపోయినా, మీటరు లోతున ముంచినంత పని జరుగుతుంది. కేబుల్ గ్లాండ్ (కేబుల్ డబ్బాలోకి వెళ్ళే చోట దాన్ని బిగించి పట్టే బిరడా) పక్కనున్న నీటి చుక్కని డబ్బా తనే లోపలికి పీల్చుకుంటుంది. అందుకే గాలిని పోనిచ్చి నీటిని ఆపే పొరతో వచ్చే బ్రీతర్ వెంట్ ఒకటి డబ్బా అడుగు వైపు పెట్టించాలి. లెడ్ యాసిడ్ బ్యాటరీ లోపలే ఉంది కాబట్టి ఛార్జింగులో వచ్చే గ్యాసుకీ అదే దారి. పూర్తిగా బిగించి సిలికాన్ పూసేసిన డబ్బాలో ఆ బ్యాటరీ ఛార్జ్ చెయ్యడం ప్రమాదం.

నీళ్ళు దూరే చోట్లు ఎక్కువ మార్లు రెండే. మొదటిది ఛార్జింగ్ సాకెట్. రబ్బరు మూత మొదటి నెలలోనే పోతుంది. తడి సాకెట్‌కి ఛార్జర్ పెడితే పిన్ను మీద పచ్చని చిలుము పడుతుంది. రెండోది కేబుల్ గ్లాండ్. పీజీ7 సైజు గ్లాండ్ సుమారు 3 నుంచి 6.5 మిల్లీమీటర్ల గుండ్రటి కేబుల్‌ని పట్టుకుంటుంది. చపటా వైరు గానీ, ఒకే గ్లాండ్‌లో రెండు వైర్లు గానీ పెడితే దాని ఐపీ అక్కడితో సరి. గ్లాండ్ కిందికి చూడాలి, కేబుల్ కిందికి ఒక వంపు తిరిగి పైకి రావాలి. లేకపోతే కేబుల్ వెంట జారిన నీళ్ళు నేరుగా గ్లాండ్ మీదికే చేరతాయి.

సిలికాన్ పూయాల్సి వస్తే వెనిగర్ వాసన వచ్చేది వద్దు, అది రాగిని తినేస్తుంది. న్యూట్రల్ క్యూర్ అడిగి తెచ్చుకోండి. ప్లాట్‌ఫాం అడుగునున్న నీరు పోయే కంతలు మాత్రం పూడ్చకండి.

గట్టుమీద_తూకం:

గోనెపట్టా పరీక్ష చేశానండి. ప్లాట్‌ఫాం వైపు కప్పితే 0.06 దాకా పాకింది, ఇండికేటర్ వైపు కదల్లేదు. మెగ్గర్ 130 మెగా ఓమ్‌లు చూపించింది. సెల్ కడిగి ఆరబెడితే బాగవుతుందా?

లోడ్‌సెల్_మరమ్మతు (తణుకు):

ఇండికేటర్ బోర్డుకైతే కడగడం పనిచేస్తుంది. బ్యాటరీ విప్పి, డిస్టిల్డ్ వాటర్‌తో (యాసిడ్ కాదు) ఉప్పు కడిగి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో పాత టూత్‌బ్రష్ పెట్టి రుద్ది, ఆరాక కన్ఫార్మల్ కోటింగ్ (బోర్డుకి తేమ తగలకుండా ఆపే పూత) కొట్టొచ్చు. సెల్ విషయం వేరు. మీ అల్యూమినియం సెల్‌లో గేజిల మీద ఉండేది మెత్తటి సిలికాన్ పూత. దాని కింద ఉప్పు చేరితే బయటికి రాదు. హెయిర్ డ్రయ్యర్ పెడితే రెండ్రోజులు బాగుంటుంది, మళ్ళీ మొదటికొస్తుంది. బియ్యం డబ్బాలో పెట్టమనే సలహా వింటే బియ్యం పాడు.

విప్పే ముందు ఒకటి చూడండి. సెల్ నుంచి వచ్చే కేబుల్‌కి మధ్యలో ఎక్కడైనా టేపు చుట్టిన అతుకు గానీ, ఎలుక కొరికిన చోటు గానీ ఉందా? ఉంటే తప్పు అక్కడే కావచ్చు. నీళ్ళు కేబుల్ లోపలి పోగుల వెంట మీటర్ల దూరం పాకుతాయి.

అతుకు లేదంటే సెల్ మార్చడమే. స్టీలు బాడీ, వెల్డింగుతో మూసిన ఐపీ68 సెల్ అడగండి. ఖరీదు ఎక్కువే, కానీ గట్టు మీద అదొక్కటే నిలుస్తుంది. బోల్టు కంతల దూరం, కెపాసిటీ పాతదానితో సరిపోవాలి. పైపళ్లెం మెరుస్తోందని ‘స్టెయిన్‌లెస్ కాటా’ అంటారు, లోపల సెల్ అల్యూమినియమే ఉంటుంది. పళ్లెం ఎత్తి చూడందే కొనకండి.

ముద్రపడిన_తూకం (అమలాపురం):

సెల్ మార్చాలంటే కాటాకి తూనికలు కొలతల శాఖ ముద్ర వేసిన సీలు తెంచాలి. తెంచిన కాటాతో కొనుగోలు చెయ్యకూడదు. 2009 లీగల్ మెట్రాలజీ చట్టం ప్రకారం లైసెన్సున్న రిపేరర్ చేత చేయించి, కాలిబ్రేషన్ అయ్యాక తూనికలు కొలతల శాఖ చేత మళ్ళీ ముద్ర వేయించుకోవాలి. ఎలక్ట్రానిక్ కాటాకి మామూలుగానే 12 నెలలకోసారి ముద్ర తప్పదు. మీది ఎనిమిది నెలలంటున్నారు కదా, పట్టుబడి లేని రోజుల్లో ఈ రెండు పనులూ కలిపేసుకోండి.

ఉప్పుటేరు_పక్కన (మొగల్తూరు):

ఇంకో తప్పుని తడి తప్పనుకుని సెల్ మార్చేవాళ్ళున్నారు. పళ్లెం కింద నాలుగు మూలలా ఓవర్‌లోడ్ స్టాపర్ బోల్టులుంటాయి. వాటికీ ఫ్రేముకీ సందు చాలా తక్కువ. అందులో బురద, ఉప్పు పెచ్చు, రొయ్య మీసం ఇరుక్కుంటే 20 కేజీల దాకా సరిగ్గా తూగి, 50 పెడితే తక్కువ చూపిస్తుంది. అది పాకదు, ప్రతిసారీ అంతే తక్కువ. అందుకే ఒక్క 20 కేజీల రాయితో చూసి సరిపెట్టుకోకండి. పట్టుబడి అయ్యాక పళ్లెం ఎత్తి, చెంబుతో మంచినీళ్ళు పోసి, బ్రష్‌తో ఆ సందులు కడగండి. ట్యాంకరు కడిగే ప్రెషర్ గన్ వద్దు.

ఐసు ట్రే నేరుగా పళ్లెం మీద పెడితే సెల్ ఒకవైపే చల్లబడి కాసేపు జీరో తప్పుతుంది. మందపాటి ప్లాస్టిక్ షీటు పరచి జీరో చేసుకోండి. షీటు కేజీన్నర మించకుంటే ఇబ్బంది ఉండదు.

గట్టుమీద_తూకం:

కేబుల్‌కి అతుకేమీ లేదండి, సెల్ మార్పిస్తున్నాను. కొత్త సెల్ కేబుల్ 3 మీటర్లుంది, మనకి మీటరున్నర చాలు. కోయించెయ్యనా?

లోడ్‌సెల్_మరమ్మతు (తణుకు):

నాలుగు వైర్ల సెల్ అయితే కొయ్యొద్దండి. ఆ పొడవు రెసిస్టెన్సుతో కలిపే ఫ్యాక్టరీలో దాన్ని సరిచేస్తారు. మిగిలింది ప్లాట్‌ఫాం ఫ్రేము కింద చుట్టగా కట్టెయ్యండి, నీళ్ళు నిలవని మూలన.