బర్మీస్, రెటిక్యులేటెడ్, ఆఫ్రికన్ రాక్: పెద్ద కొండచిలువల్లో ఏది సాధువు?

ప్రశ్న:
ఆరేళ్లుగా ఒక బాల్ పైథాన్‌ను పెంచుతున్నాను. అది ఒకటిన్నర మీటరు కూడా లేదు. భయం వేస్తే ఉండలా చుట్టుకుని తల దాచుకోవడమే తప్ప ఇంతవరకు నన్ను కరిచింది లేదు. తగిన అనుమతి, విడిగా ఒక గది సమకూరాయి కనుక ఇప్పుడు పెద్ద జాతి కొండచిలువను తెచ్చుకోవాలని ఆలోచిస్తున్నాను. బర్మీస్ సాధువని, రెటిక్యులేటెడ్ తెలివైనదే అయినా నమ్మదగినది కాదని, ఆఫ్రికన్ రాక్ పైథాన్ జోలికే పోవద్దని చాలాచోట్ల చదివాను. ఈ పేర్లు వాటికి పుట్టుగుణాన్ని బట్టి వచ్చాయా, పెంపకాన్ని బట్టి వచ్చాయా? పెద్ద పాములను స్వయంగా పెంచినవారు వివరించగలరా?

మొదటి జవాబు:
మీరు చదివినది పూర్తిగా తప్పు కాదు, కానీ ‘సాధువు’ అనే ఒక్క మాటలో రెండు వేర్వేరు సంగతులు కలిసిపోయాయి. భయంతో కరిచే పాము తటాలున కొట్టి వదిలేస్తుంది. ఎర అనుకుని కరిచే పాము పట్టు వదలదు సరికదా, మరుక్షణంలోనే చుట్టలు వేయడం మొదలుపెడుతుంది. మొదటిదానితో గాయమవుతుంది. రెండోదానితో, పాము మూడు మీటర్లు దాటినదైతే, ప్రాణమే పోవచ్చు. బర్మీస్ పైథాన్‌లో భయపు కాటు నిజంగానే అరుదు. తిండి దగ్గర ఆత్రం మాత్రం మిగతా పెద్ద జాతులకు ఏమీ తీసిపోదు. దాని పెదవుల వెంట ఉండే గుంటలు వేడిని పసిగడతాయి, నాలుక వాసనను అందుకుంటుంది. కుందేలు వాసన అంటిన వెచ్చని చెయ్యి ఎదురుగా కదిలితే అది యజమానిదా కాదా అని ఆ పాము ఆలోచించదు. నేను పెంచిన వాటిలో నన్ను గట్టిగా పట్టుకున్నది అందరూ ముద్దుచేసే నా బర్మీస్ ఆడపామే. దాని నెమ్మదిని చూసి చేతులు కడుక్కోకుండా తలుపు తీసిన తప్పు నాది.

రెండవ జవాబు:
రెటిక్యులేటెడ్ గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే దానికి అన్యాయం జరుగుతోందని నా అభిప్రాయం. ప్రపంచంలోకెల్లా పొడవైన పాము ఇదే. బంధనంలో ఉన్న ఒక ఆడపామును 2011లో కొలిస్తే 7.67 మీటర్లు వచ్చింది. బర్మీస్ పైథాన్ తలుపు తీసినా మూల నుంచి కదలకపోవచ్చు గానీ, ఇది తల ఎత్తి ఎదురొస్తుంది. కొత్తవారు ఆ చురుకుదనాన్నే కోపమనుకుంటారు. తలుపు తీసిన ప్రతిసారీ తిండి వస్తే దానికి తలుపు చప్పుడే తిండి గంట అవుతుంది. అందుకే తిండి లేని రోజుల్లో ముందుగా పొడవాటి హుక్‌తో ఒంటిని మెల్లగా తాకాలి; కొన్ని వారాలు ఇలా చేస్తే, తాకిడి ఉంటే ఎర రాదని అది గ్రహించి, తల దించి, నాలుక నెమ్మదిగా ఆడించడం కనిపిస్తుంది. అయితే ఇది ఏం చేసినా చాలా వేగంగా చేస్తుంది, కాబట్టి మన పొరపాటును దిద్దుకునే వ్యవధి ఉండదు. చిన్న దీవుల నుంచి వచ్చిన ‘సూపర్ డ్వార్ఫ్’ వంశాలు పరిమాణంలో చాలా చిన్నవి గానీ, వాటిలోనూ ఇదే చురుకు.

మూడవ జవాబు:
ఆఫ్రికన్ రాక్ విషయంలో పేరుకు కారణం ఉంది. దీని పిల్లలను మనం పట్టుకోబోతే అవి కాటుకు వస్తాయి, పెద్దయ్యాక కూడా కొన్ని ఆ అలవాటు మానవు. బర్మీస్‌లా తరతరాలుగా నెమ్మదైనవాటిని ఏరి సంతానం పెంచడం వీటిలో అంతగా జరగలేదు. అయినా 2013లో కెనడాలో ఇద్దరు బాలుర మరణానికి కారణమైన పాము ఈ జాతిదే అన్నప్పుడు, అది పెట్టె నుంచి తప్పించుకుని గాలి గొట్టం దారిన పోయిందన్న సంగతి మరువకూడదు. అక్కడ తప్పింది మూత. ఇక బ్లడ్ పైథాన్‌ల సంగతి చూడండి: అడవిలో పట్టి తెచ్చినవే దొరికిన రోజుల్లో వాటికి మహా కోపిష్టి అన్న పేరుండేది, బంధనంలో పుట్టినవాటిలో చాలావరకు బుస కొడతాయే గానీ కరవవు. మీ ప్రశ్నకు నా జవాబు ఇదే: జాతి ఒక మొగ్గును ఇస్తుంది, మిగిలినది పుట్టిన చోటు, పెరిగిన తీరు.

ప్రశ్న వేసినవారు:
అందరికీ ధన్యవాదాలు. అయితే బర్మీస్ మగపామును తీసుకోవడం సబబేనా?

మొదటి జవాబు ఇచ్చినవారు:
సబబే. మగపాము సాధారణంగా ఆడదానికంటే బాగా చిన్నది, పట్టుకోవడం తేలిక. పిల్లను చూసి కాదు, వీలైతే దాని తల్లిదండ్రులను మీ ఎదుట బయటకు తీయించి చూసి నిర్ణయించుకోండి. కుబుసం విడిచే ముందు కళ్లకు పొర కమ్మినప్పుడు, తిన్న తరువాత రెండు మూడు రోజులు దాన్ని ముట్టుకోవద్దు. రెండున్నర మీటర్లు దాటాక పక్కన వయసొచ్చిన మరొక మనిషి లేకుండా పెట్టె తెరవవద్దు. అది కరిచి పట్టుకుంటే చేయి లాక్కోకండి, దాని పళ్లు వెనక్కి వంగి ఉంటాయి. మీరు దాని తల చూసుకుంటుండగా రెండోవారు తోక వైపు నుంచి చుట్టలు విప్పుతూ రావాలి.