పాతవాళ్లు వేడిని తట్టుకుంటున్నారు, కొత్త కుర్రాడు పడిపోయాడు. ఎందుకు?

ఫౌండ్రీలో షిఫ్ట్ ఇన్‌చార్జిని. పోత పోసే చోట పాతవాళ్లు షిఫ్టంతా నెట్టుకొస్తారు. కొత్తగా చేరిన కుర్రాడు మర్నాడే కాళ్లు పీకుతున్నాయంటూ కూలబడ్డాడు. ఏదడిగినా పొంతన లేని జవాబులు. ఇప్పుడు కుదుటపడ్డాడు, ఇంటి దగ్గరున్నాడు. గోడ మీద థర్మామీటరు 36 చూపిస్తోంది, "బయటా అంతే కదా, ఒళ్లొంగదు వాడికి" అంటున్నారు పైవాళ్లు. ఇంకో ఫ్యాను పెట్టిస్తే సరిపోతుందా?

పాత మెల్టర్:
ఆ థర్మామీటరుకి గాలి వేడే తెలుసు తమ్ముడూ. మొహాన కొట్టే సెగ, గాలిలో తేమ దానికి పట్టవు. అవన్నీ కలిపి లెక్కగట్టే డబ్ల్యూబీజీటీ మీటరుంటుంది, నల్ల గోళం, తడిగుడ్డ చుట్టిన బల్బు ఉంటాయి. సేఫ్టీ వాళ్లని అది తెమ్మను. గాలి చర్మం కన్నా వేడెక్కాక ఫ్యాను వల్ల లాభం తగ్గిపోతుంది, సెగనైతే అసలు ఆపలేదు. ఫర్నేసుకీ మనిషికీ మధ్య మెరిసే అల్యూమినియం రేకు అడ్డం పెట్టించు.

ఇక కుర్రాడి సంగతి. వేడికి ఒళ్లు అలవాటు పడాలంటే ఒకటి రెండు వారాలు పడుతుంది. అమెరికాలో కార్మికుల భద్రత, ఆరోగ్యం మీద పరిశోధన చేసే ప్రభుత్వ సంస్థ నియోష్ వాళ్లు కొత్తవాళ్లకు చెప్పే లెక్క: మొదటి రోజు మామూలు పనివేళలో 20 శాతమే వేడిలో, తర్వాత రోజుకి మరో 20 శాతం చొప్పున పెంచాలి. వారం పైగా సెలవు పెట్టొచ్చిన పాతవాడికీ ఆ అలవాటు చాలావరకు పోతుంది. మావాళ్లు అలా సెలవు నుంచి వచ్చినవాణ్ణి రాగానే కరిగిన మెటల్ దగ్గరే నిలబెట్టేవారు, పైగా బాకీ పని కూడా ఉండేది!

ఫ్యాక్టరీ నర్సు:
పొంతన లేని జవాబులన్నారే, నన్ను భయపెట్టింది ఆ మాటే. వేడిలో పనిచేస్తూ మనిషి తికమకపడితే వడదెబ్బ కిందే లెక్క. ఒంటి లోపలి వేడి 40 డిగ్రీలు దాటి ఉండొచ్చు. చెమట కారుతోంది కదా అని ధీమా వద్దు, కష్టం చేసేవాళ్లకి చెమట పడుతుండగానే వస్తుంది. జ్వరం మాత్ర పనిచేయదు. మళ్లీ ఎవరికైనా ఇలా అయితే, అంబులెన్సుకి ఒకరు ఫోన్ చేస్తుంటే మిగతావాళ్లు ఆ మనిషిని చన్నీళ్ల తొట్టిలో మెడదాకా ముంచండి, తల ఒకరు పట్టుకోవాలి. తొట్టి లేకపోతే ఒళ్లంతా నీళ్లు పోస్తూ, ఐసు రుద్దుతూ గాలి విసరండి. బండి కోసం చూస్తూ కూర్చోవద్దు. స్పృహ సరిగా లేకపోతే నోట్లో ఏమీ పోయకండి.

ఇంకోటి, కుర్రాడికి మూత్రం ముదురు గోధుమ రంగులో వస్తోందేమో ఇవాళే అడగండి. కండరాలు దెబ్బతింటే అలా అవుతుంది, కిడ్నీలకి ముప్పు. ఎలా ఉన్నా డాక్టరు సరేనన్నాకే డ్యూటీ.

షిఫ్ట్ ఇన్‌చార్జి:
ఫోన్ చేశాను. రంగు మామూలుగానే ఉందట, అయినా సాయంత్రం డాక్టరు దగ్గరికి తీసుకెళ్తున్నాను. నీళ్లు ఎంత తాగించాలి?

ఫ్యాక్టరీ నర్సు:
15–20 నిమిషాలకోసారి పావు లీటరు, దాహం వేసినా వేయకపోయినా. గంటకి లీటరున్నర మాత్రం దాటనివ్వకండి.