కౌంటీ జైల్లో ఉన్న ఫ్రెండ్‌కి డబ్బు: కమిసరీలో వేద్దామా, లాయర్ కోసం దాచుదామా?

ప్లేనో_పిల్లోడు:
మా రూమ్మేట్‌ని పోయిన వారం అరెస్ట్ చేశారు. డాలస్ దగ్గర ఒక కౌంటీ జైల్లో ఉన్నాడు. కేసు వివరాలు ఇక్కడ వద్దు. బెయిల్ ఇంకా తేలలేదు. అతని కమిసరీ (జైలు లోపలి కొట్టు) ఖాతాలో ఒకేసారి మూడు వందల డాలర్లు వేద్దామని మాలో సగం మంది అంటున్నారు. ప్రతి డిపాజిట్‌కీ ఫీజు గుంజే కంపెనీకి పైసా ఇవ్వొద్దు, ఉన్నదంతా లాయర్‌కే అని మిగతావాళ్లు. ఊళ్లో వాళ్ల నాన్నగారికి ఇంకా చెప్పలేదు, అదొక టెన్షన్. మీరేమంటారు?

గుంటూరు_ఘాటు:
లాయర్‌కే. లోపల తిండి పెడతారు, బట్టలిస్తారు. ఖాతాలో చిల్లిగవ్వ లేనివాడికి సబ్బు, పేస్టు, ఉత్తరం రాసుకోవడానికి కాగితం లాంటివి ఎలాగూ ఇస్తారు. చిప్స్ కోసం చందాలేంటి? అయినా తప్పు చేసి లోపలికెళ్లినవాడికి ఇంత మర్యాదా?

అత్తాపూర్ అక్క:
తప్పు చేశాడని ఎవరు తేల్చారు తమ్ముడూ? కౌంటీ జైళ్లలో ఎక్కువమంది ఇంకా శిక్ష పడనివాళ్లే. విచారణ కోసమో, బెయిల్ కట్టలేకో ఉన్నవాళ్లు. మనవాళ్లలో శాకాహారులైతే ఆ ట్రేలో తినగలిగింది సగం కూడా ఉండదు. కమిసరీలో వేరుశెనగ వెన్న, క్రాకర్స్ దొరికితే అదే పండగ. చందా అని తీసిపారేయకు.

గుంటూరు_ఘాటు:
అక్కా, శాకాహారానికి డబ్బెందుకు? మతపరమైన భోజనం కావాలని చాప్లిన్‌కి, అంటే జైల్లో మత వ్యవహారాలు చూసే ఆయనకి, రాతపూర్వకంగా అడగమనండి. ఖైదీల మతాచారాలకు రక్షణగా 2000లో ఫెడరల్ చట్టమే వచ్చింది, కౌంటీ జైళ్లకూ వర్తిస్తుంది. అడగడం ఫ్రీ. ఆ కాగితం కాపీ ఒకటి దాచుకోమనండి.

అత్తాపూర్ అక్క:
ఇది మంచి మాట. కానీ అది మంజూరయ్యేదాకా?

హ్యూస్టన్_హరి:
ఇద్దరూ తిండి దగ్గరే ఆగిపోయారు. అసలు ఖర్చు ఫోన్. చాలా జైళ్లలో కమిసరీ ఖాతా వేరు, ఫోన్ ఖాతా వేరు. మూడు వందలూ కమిసరీలో పోసి, ఫోన్ మోగట్లేదని కూర్చునేవాళ్లు బోలెడు మంది.

పెద్ద జైళ్లలో పదిహేను నిమిషాల కాల్‌కి పదకొండు డాలర్ల పైచిలుకు దాకా లాగే వీలుండేది. 2024 జూలైలో ఫోన్ రేట్లు చూసే ఫెడరల్ సంస్థ ఎఫ్‌సీసీ దాన్ని తొంభై సెంట్లకు దించుతూ ఓటేసింది, 2025లో అమలును వాయిదా వేసింది. కాబట్టి మీ కౌంటీలో రేటెంతో ముందు చూడండి. అవి రికార్డయ్యే కాల్స్. కేసు గురించి ఒక్క ముక్క మాట్లాడొద్దని ఇవాళే అందరికీ చెప్పు. తెలుగులో మాట్లాడితే ఎవరికర్థమవుతుందిలే అనుకోవద్దు, అనువాదం చేయించడం వాళ్లకు పెద్ద పని కాదు.

ఒకేసారి వేయాలా, కొద్దికొద్దిగానా? ఫీజు ప్రతిసారీ మూడు డాలర్లు అనుకుంటే, పాతిక వేసినప్పుడు పన్నెండు శాతం పోయినట్టే. అలాగని మొత్తం వేస్తే ఇంకో చిక్కు. డాక్టర్ దగ్గరికెళ్తే ఆ ఫీజు చాలాచోట్ల ఆ ఖాతాలోంచే కోస్తారు. విడుదలప్పుడు మిగిలింది డెబిట్ కార్డు మీద ఇచ్చే చోట్లు ఉన్నాయి. ఆ కార్డు ఫీజుల గురించే 2021లో వినియోగదారుల డబ్బు వ్యవహారాలు చూసే ఫెడరల్ సంస్థ సీఎఫ్‌పీబీ, ఆ కార్డులిచ్చే జేపే కంపెనీ మీద చర్య తీసుకుని, నలభై లక్షల డాలర్లు జనానికి తిరిగి ఇప్పించింది. మీ జైలు పోస్టులో మనీ ఆర్డర్ తీసుకుంటుందేమో వెబ్‌సైట్‌లో చూడు. పోస్టాఫీసులో రెండు మూడు డాలర్లతో పనైపోతుంది, కాకపోతే చేరడానికి రోజులు పడుతుంది.

కరీంనగర్_కుర్రాడు:
బ్రో, ముందు పేరు సరిచూసుకో. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే ఇక్కడి వీసాలో మొదటి పేరు 'ఎఫ్ఎన్‌యూ' (ఫస్ట్ నేమ్ అన్‌నోన్) అని పడుతుంది. జైలు రికార్డులోనూ అదే ఎక్కొచ్చు. మనం పిలిచే పేరుతో వెతికితే మనిషే దొరకడు. జైల్లో చేర్చుకున్నప్పుడు ఇచ్చే బుకింగ్ నంబర్ పట్టుకో. ఇంకో విషయం, 'బెయిల్ కోసం గిఫ్ట్ కార్డులు కొనండి' అని ఎవడైనా ఫోన్ చేస్తే వాడు దొంగ.

గుంటూరు_ఘాటు:
ఇన్ని తిప్పలు పడి మనం కట్టే ఫీజులో కౌంటీకీ వాటా వెళ్తుందంటారు. మరి దీన్ని ఎందుకు పోషించాలి?

హ్యూస్టన్_హరి:
టెక్సాస్‌లో కమిసరీ ఆదాయం షరీఫ్ చేతిలోనే ఉంటుంది, ఖైదీల అవసరాలకే వాడాలని చట్టం. అంటే ఖైదీల సదుపాయాలకు వాళ్ల ఇంటివాళ్లే కడుతున్నారన్నమాట. నీ కోపం న్యాయమే. శాన్‌ఫ్రాన్సిస్కో 2020లో జైలు ఫోన్లు ఉచితం చేసి, కమిసరీలో అదనపు లాభం ఎత్తేసింది. మన కౌంటీ కమిషనర్ల మీటింగ్‌కెళ్లి అడుగు, నేనూ వస్తా. లోపలున్నవాడి ఖాతా ఖాళీగా పెడితే మాత్రం ఆ కంపెనీకి పోయేదేం లేదు.

అత్తాపూర్ అక్క:
అతను స్టూడెంట్ వీసానా? ఐస్ (ఇమిగ్రేషన్ పోలీసులు) వాళ్ల డిటైనర్, అంటే 'వదిలే ముందు మాకు అప్పగించండి' అనే కాగితం, ఉందేమో లాయర్‌ని అడుగు. ఉంటే బెయిల్ వచ్చినా వాళ్ల చేతికి వెళ్లొచ్చు. 2019లో ఫార్మింగ్టన్ నకిలీ యూనివర్సిటీ కేసులో పట్టుకున్న 129 మంది మన దేశపు పిల్లలు, వాళ్లలో బోలెడు మంది తెలుగువాళ్లే, వేర్వేరు రాష్ట్రాల్లో నిర్బంధంలో ఉండిపోయారు. చోటు మారితే పాత ఖాతాలో కొత్తగా వేసి లాభం లేదు. అందుకే నా ఓటు: ఫోన్‌కి యాభై, కమిసరీకి నలభై, మిగతాది లాయర్‌కి.

గుంటూరు_ఘాటు:
ఫోన్ యాభైకి నేనూ ఓకే. కమిసరీకి మాత్రం ఇప్పటికీ నో.

ప్లేనో_పిల్లోడు:
డిటైనర్ సంగతి మాకెవరికీ తట్టలేదు అక్కా. లాయర్‌కి మెయిల్ పెట్టాను. ఇవాళ ఫోన్ ఖాతాలో యాభై వేస్తున్నాం, కమిసరీ గొడవ రేపు చూస్తాం. వాళ్ల నాన్నగారికి మేం చెప్పాలా, అతనే ఫోన్‌లో చెప్పుకోవాలా?

హ్యూస్టన్_హరి:
అతన్నే చెప్పనీ. అరెస్టయ్యానని చెప్పొచ్చు, ఎందుకో మాత్రం ఆ ఫోన్‌లో వద్దు. ఇండియా నంబర్‌కి ఆ ఫోన్ కలవకపోతే అప్పుడు నువ్వు చెయ్యి.