నా ఖాతా ఎవరెవరు తెరిచి చూశారో బ్యాంకును అడగొచ్చా?

మాది అమలాపురం దగ్గర పల్లెటూరండి. కొబ్బరితోట అమ్మిన డబ్బు ఒక ప్రభుత్వ రంగ బ్యాంకులో డిపాజిట్ చేశాం. వారం తిరక్కముందే ఆ మొత్తం రూపాయలతో సహా మా పెదనాన్నగారబ్బాయి నోట విన్నాను. ఆయనకి బ్రాంచిలో తెలిసినవాళ్లున్నారు లెండి.

ఖాతా తెరిచి చూసిన ఉద్యోగుల ఐడీ, తేదీ, సమయం కావాలని అడిగితే మేనేజరుగారు స్టేట్‌మెంట్ ప్రింటు తీసి చేతిలో పెట్టారు! నేనడిగింది లావాదేవీలు కాదు కదండీ.

2005 సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల ఫీజు కట్టి అడిగితే, ఉద్యోగుల పేర్లు వ్యక్తిగత సమాచారమని, ఇవ్వక్కర్లేని సమాచారం గురించి చెప్పే సెక్షన్ 8 చూపించి కాదంటారా? పేర్లొద్దు, ఐడీలు చాలంటే ఇస్తారా? లేక ముందు బ్యాంకుకే రాతపూర్వకంగా ఫిర్యాదిచ్చి, 30 రోజులు చూసి, బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్ దగ్గరికెళ్లాలా? ఇలాంటి రికార్డు సంపాదించినవాళ్లుంటే దరఖాస్తులో ఏం రాశారో చెప్పండి. ఈలోగా పాత రికార్డు చెరిపేయకుండా ఆపించే దారేమైనా ఉందా?