పిటిఫుల్, పిటియబుల్, పిటియస్, పథెటిక్: నాలుగూ ఒకటేనా?

గోదారిగట్టు:
నాన్నగారు ఆస్పత్రిలో ఉన్నప్పుడు విదేశంలో ఉన్న మా టీమ్ లీడ్‌కి ‘మై ఫాదర్స్ కండిషన్ ఈజ్ పథెటిక్’ అని మెయిల్ పెట్టాను. ఆ మాట అక్కడ తిట్టులా వినిపిస్తుందని తర్వాత ఒకరు చెప్పారు. అప్పటి నుంచి మనసులో ముల్లులా ఉంది. నిఘంటువులో చూస్తే ఈ నాలుగు మాటలకూ ‘జాలి గొలిపే’ అనే ఉంది. తేడా ఏమిటండీ?

నల్లబల్ల:
ఏమీ లేదండీ. పిల్లలకు సమానార్థకాలనే చెబుతాం. రోడ్లు పథెటిక్‌గా ఉన్నాయని మనం రోజూ అంటాం, అందరికీ అర్థమవుతోంది. వాడుకే ప్రమాణం.

మాటలమూట:
నల్లబల్ల గారూ, ఇక్కడ మీతో ఒప్పుకోలేను. తెలుగులోనే చూడండి. పూజనీయం అంటే పూజకు తగినది, దయనీయం అంటే దయకు తగినది. పిటియబుల్ అనే మాట కట్టిన తీరూ అచ్చం అదే. మనిషి స్థితికి వాడతారు. పిటియస్ అంటే మన ‘దీనమైన’. ఎక్కువగా ఏడుపు, మూలుగు, చూపు లాంటి వాటికి పుస్తకాల్లో కనిపిస్తుంది. లేగదూడ దీనంగా అరిచిందంటామే, అది.

చిక్కంతా పిటిఫుల్‌తోనే. 1611 నాటి ఇంగ్లీషు బైబిల్‌లో యాకోబు పత్రిక (లేఖ) ప్రభువునే ‘వెరీ పిటిఫుల్’ అంటుంది. అక్కడ అర్థం జాలి నిండినవాడని. తర్వాత జాలి పుట్టించేదనే అర్థం నిలిచింది, దాని పక్కనే చులకన కూడా చేరింది. ‘ఎ పిటిఫుల్ సమ్’ అంటే ముష్టి డబ్బులు. పథెటిక్ మూలం గ్రీకు ‘పాథోస్’. ఒకప్పుడు మనసు కదిలించేదని అర్థం. ఇప్పుడు మామూలు సంభాషణలో దాదాపు ఛీత్కారమే. మన ‘దిక్కుమాలిన’ కూడా ఇలాగే మారింది. దిక్కు లేనివాణ్ని చూసి అయ్యో అనాల్సిన మాటను తిట్టుగా వాడుతున్నాం.

గోదారిగట్టు:
అయితే ఏం రాయాల్సింది?

మాటలమూట:
‘సీరియస్’ లేదా ‘క్రిటికల్’. పిటియబుల్ కూడా వద్దు, అందులోనూ ఒక్కోసారి చులకన ధ్వనిస్తుంది. మీరు బాధతో రాశారని మెయిల్ మొత్తం చదివినవాళ్లకు తెలిసే ఉంటుంది, దిగులు పడకండి.

నల్లబల్ల:
దయనీయం పోలిక బాగుంది, రేపు క్లాసులో చెబుతాను. మనుషుల విషయంలో నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. రోడ్ల విషయంలో మాత్రం కాదు. గుంతలు చూస్తే వచ్చేది జాలి కాదు, కోపమే. అక్కడ పథెటిక్ సరైన మాటే.