పెంటియమ్ ఎమ్మెమ్మెక్స్ 233 స్థానంలో కే6-3 ప్లస్ పెట్టవచ్చా?

ప్రశ్న:
నా దగ్గర ఇంటెల్ 430టీఎక్స్ చిప్‌సెట్ గల సాకెట్ 7 మదర్‌బోర్డు, పెంటియమ్ ఎమ్మెమ్మెక్స్ 233, 128 ఎంబీ ర్యామ్ ఉన్నాయి. విండోస్ 98 ఆటలకు వేగం చాలడం లేదు. 1990 నాటి డాస్ ఆట వింగ్ కమాండర్ మాత్రం ఆడలేనంత వేగంగా పరుగెడుతోంది. కే6-3 ప్లస్ వంటి ఏఎండీ ప్రాసెసర్ వేస్తే ఈ ఒక్క యంత్రంతోనే రెండూ కుదురుతాయా?

సమాధానం 1:
కొనే ముందు బోర్డు ఎంత తక్కువ కోర్ వోల్టేజీ (ప్రాసెసర్ లోపలి భాగానికి అందే వోల్టేజీ) ఇవ్వగలదో చూడండి. మీ ఎమ్మెమ్మెక్స్‌కు 2.8 వోల్టులు కావాలి, కే6-2కు సాధారణంగా 2.2, కే6-3 ప్లస్‌కు 2.0 చాలు, జంపర్ (బోర్డు మీద అమరికలు మార్చే చిన్న క్లిప్పు) మార్చకుండా కొత్త చిప్ పెట్టి స్విచ్ వేస్తే అది కాలిపోవచ్చు. వేగం గురించి బెంగ అక్కర్లేదు. బోర్డు బస్సు (ప్రాసెసర్‌ను మెమరీతో కలిపే దారి) వేగాన్ని మల్టిప్లయర్ అనే సంఖ్యతో హెచ్చిస్తే ప్రాసెసర్ వేగం వస్తుంది. 2 రెట్ల జంపర్ అమరికను ఈ చిప్‌లు 6 రెట్లుగా తీసుకుంటాయి కనుక 66 మెగాహెర్ట్జ్ బస్సు మీదే 400 అందుతుంది. అయితే 430టీఎక్స్ మొదటి 64 ఎంబీ ర్యామ్‌నే క్యాష్ (తరచూ వాడే డేటాను దాచుకునే చిన్న, వేగవంతమైన మెమరీ) చేస్తుంది. కే6-3 ప్లస్ లోపలే 256 కేబీ ఎల్2 (రెండో స్థాయి) క్యాష్ ఉంది కాబట్టి మీ 128 ఎంబీకి ఆ లోటు పెద్దగా తెలియదు. నా ఓటు దానికే.

సమాధానం 2:
వోల్టేజీ మాట నిజమే గాని, నెమ్మది చేయడమే మీకు అసలు అవసరం. ప్లస్ రకాల మల్టిప్లయర్‌ను డాస్‌లో నుంచే సెట్‌మల్ అనే చిన్న ప్రోగ్రాముతో మార్చవచ్చు. 400 నుంచి 133 దాకా దిగవచ్చు, ఎల్1 (మొదటి స్థాయి) క్యాష్ కూడా ఆపితే ఇంకా చాలా కిందికి వస్తుంది. మామూలు కే6-2లో ఈ వెసులుబాటు లేదు. అయితే ఎమ్మెమ్మెక్స్‌ను తక్కువ చేయకండి: అందులో క్యాష్‌తో పాటు బ్రాంచ్ ప్రిడిక్షన్‌ను (ప్రోగ్రాము తర్వాత ఏ దారి పడుతుందో ముందే ఊహించడం), రెండో పైప్‌లైన్‌ను (ఆదేశాలను జతగా నడిపే రెండో దారి) కూడా విడివిడిగా ఆపవచ్చు కనుక వేగాన్ని మరింత సన్నగా సరిచేసుకోవచ్చు. దాన్ని అమ్మేయకుండా దాచుకోండి.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ ధన్యవాదాలండీ. బోర్డులో 2.1 వోల్టుల అమరిక ఉంది. టర్బో పాస్కల్ అనే ప్రోగ్రామింగ్ సాధనంలో రాసిన పాత ప్రోగ్రాములు కొన్ని ఉన్నాయి, అవి 400 మీద నడుస్తాయా?

సమాధానం 3:
2.1 ఫరవాలేదు. టర్బో పాస్కల్‌తో వచ్చే సీఆర్‌టీ (Crt) యూనిట్ అనే సిద్ధ కోడు భాగం వాడిన ప్రోగ్రాములైతే మొదలవగానే రన్‌టైమ్ ఎర్రర్ 200 చూపి ఆగిపోతాయి. ఆ యూనిట్ ఒక టైమర్ టిక్కులో లూపు ఎన్నిసార్లు తిరిగిందో లెక్కించి 55తో భాగిస్తుంది. ప్రాసెసర్ వేగం పెరిగాక ఆ భాగఫలం 16 బిట్లలో పట్టదు, దాన్నే సున్నాతో భాగించిన తప్పుగా చూపుతుంది. సెట్‌మల్‌తో 133కు దించి నడపండి, లేదా ఆ ఫైళ్లను ప్యాచ్ చేసుకోండి (తప్పు ఉన్న భాగాన్ని సరిచేసుకోండి). చిప్ వేసే ముందు బయాస్ (బోర్డులో ఉండి కంప్యూటర్‌ను మొదలుపెట్టే ప్రోగ్రాము) కూడా దాన్ని గుర్తిస్తుందో లేదో చూసుకోవాలి.